ఊరు కలిసిందా, ఊరికే ఊరుకుందా? కొలిచి చూడటం ఎలా

మొదట నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చేయకుండా ఉంటారు. అనంతపురం జిల్లాలో ఒక ఊరికి సర్వే కాగితాలు పట్టుకొని పోయాం. ఒకప్పుడు రెండు వర్గాలుగా చీలి, రెండు వైపులా మనుషులు పోయి, చివరికి కేసులు కొట్టేశాక సద్దుమణిగిన ఊరు. ‘ఊర్లో ఇప్పుడు అందరూ బాగున్నారా?’ అన్నది మా మొదటి ప్రశ్న. ఇంటింటికీ అదే జవాబు: ‘బాగున్నాం సార్, ఏం గొడవల్లేవు.’ చివరి వీధిలో ఒక ముసలామె మాత్రం జవాబు చెప్పకుండా, ‘పొద్దున ఎవరింటి అరుగు మీద కూర్చోని తిన్నారు నాయనా?’ అని అడిగింది. ఒక నాయకుడి ఇంట్లో ఉగ్గాని, బజ్జి తిని బయల్దేరాం మరి. ఆ సంగతి మాకంటే ముందే అన్ని వీధులూ తిరిగొచ్చింది. ఆ రోజు రాసుకున్న కాగితాలన్నీ తర్వాత పక్కన పడేయాల్సి వచ్చింది.

ఊరు కలిసిపోవడం వేరు, ఊరుకోవడం వేరు. బయటి నుంచి వచ్చినవాళ్ళకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. హత్యలు ఉండవు, పోలీసు పికెట్ ఎత్తేస్తారు, స్టేషన్‌లో కొత్త కేసులు నమోదు కావు. కానీ ఒక ఊర్లో మనుషులు మళ్ళీ ఒకరి గడప ఒకరు తొక్కుతుంటారు. ఇంకో ఊర్లో ఎవరి వీధిలో వాళ్ళు తలొంచుకొని బతుకుతుంటారు. రెండో ఊర్లో శాంతి కార్యక్రమం అని ఫ్లెక్సీ కట్టి భోజనాలు పెడితే ఏం లాభం? అందుకే ముందు కొలవాలి. దీనికి పెద్ద ఖర్చేం లేదు. రెండు నోటుబుక్కులు, ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు, ఏడాదిన్నర ఓపిక ఉంటే చాలు.

యుద్ధాలు ఆగిన దేశాల్లోనూ ఇదే తంటా. 1994 నరమేధం తర్వాత రువాండాలో ప్రభుత్వ కమిషనే జనాన్ని అడిగి సయోధ్య ఎంతవరకు వచ్చిందో లెక్క కట్టింది. 2010లో 82.3 శాతం, 2015లో 92.5, 2020లో 94.7 వచ్చాయి. అంకెలు ముచ్చటగానే ఉన్నాయి. కానీ ప్రభుత్వమే వచ్చి అడుగుతుంటే జనం మనసులో మాట ఎంతవరకు చెప్తారని పరిశోధకులు అనుమానపడ్డారు. మన ఉగ్గాని కథే, కాస్త పెద్ద ఎత్తున.

చీలిక ఎక్కడుందో అక్కడ కొలవండి

‘సఖ్యత’ అని ఒకే మాటలో అనుకుంటే పని జరగదు. ఏ గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్ళ మధ్య సఖ్యత అన్నది ముందు తేల్చుకోండి. మన దగ్గర చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు. నార్పల మండలం గూగూడులో పీర్ల పండగకు హిందువులు బారులు తీరతారు. ఇవి చూసి ‘సీమలో మత సామరస్యం బ్రహ్మాండం’ అని రిపోర్టు రాసేస్తారు. రాసింది తప్పేం కాదు. కానీ ఫ్యాక్షన్ ఊర్లో గీత మతానికీ మతానికీ మధ్య ఉండదు, చాలాసార్లు కులానికీ కులానికీ మధ్య కూడా ఉండదు. రెండు వర్గాల నాయకులూ ఒకే కులం వాళ్ళు, ఒక్కోసారి దాయాదులే అయ్యుంటారు. వెనక నడిచినవాళ్ళలో అన్ని కులాల వాళ్ళూ ఉంటారు. ఒకే పీరును మోసినవాళ్ళు మర్నాడు పొద్దున ఒకరి వీధిలో ఒకరు అడుగు పెట్టకపోవచ్చు.

పాళెగాళ్ళ కాలం నుంచీ సీమ రక్తమే అంత అని కొందరు తేల్చేస్తారు. ఆ మాట నమ్మితే కొలవాల్సిన పనే లేదు కదా. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి ఇచ్చేశాడు. ఆ తర్వాత కుంఫిణీ కలెక్టరుగా వచ్చిన మన్రో దొర పాళెగాళ్ళను అణిచేశాడు. మన తరం చూసిన కక్షల్లో ఉన్నవి కాంట్రాక్టులు, సారా వేలాలు, పంచాయతీ పదవులు, బోరు నీళ్ళు. వీటికి రక్తంతో పనిలేదు.

గీత తెలిశాక నాలుగు సంగతులను విడివిడిగా రాసుకోవాలి. సొంత వర్గంలో కట్టు ఎంత? అవతలి వర్గంతో రాకపోకలు ఎంత? స్టేషన్, కోర్టు, సచివాలయం మీద నమ్మకం ఎంత? మనిషి ఒంటరిగా తిరగగలడా? ఈ నాలుగింటినీ కూడి ఒకే మార్కు మాత్రం వేయకండి. కక్ష ముదిరిన ఊర్లో సొంత వర్గం కట్టు అన్నిటికంటే గట్టిగా ఉంటుంది. ఒకరికి ఆపదొస్తే పది నిమిషాల్లో యాభై మంది దిగుతారు. కూడికలో ఆ మార్కులు కలిస్తే, బాగా చెడిన ఊరే ఫస్టు క్లాసులో పాసవుతుంది. సైప్రస్‌లో మొదలై తర్వాత ఉక్రెయిన్, బోస్నియా లాంటి చోట్ల వాడిన స్కోర్ అనే సూచిక కూడా సఖ్యతనూ సయోధ్యనూ వేరువేరుగా లెక్క కడుతుంది.

ఊర్లో ఎలా దిగాలి

టిఫిన్ డబ్బా ఇంటి నుంచే తెచ్చుకోండి. లేదా బస్టాండు హోటల్లో తినేసి పోండి. పోలీసు జీపులో దిగొద్దు, నాయకుడి కొడుకు బండి వెనకా ఎక్కొద్దు. పెద్దమనుషులను కలవకుండా ఊర్లో తిరగడం కుదరదు కాబట్టి రెండు వైపులా ఒకే రోజు, ఒకే ఒక్క గంట తేడాతో కలవండి. మంచినీళ్ళు మించి ఏమీ తీసుకోకండి. ‘మా ఇంట్లో తినరా?’ అని నొచ్చుకుంటారు. నొచ్చుకోనీండి.

ఎన్నికల ముందు, తర్వాత రెండు నెలలు పోవద్దు. చనిపోయినవాళ్ళ వర్ధంతి రోజులేవో ముందే కనుక్కోండి. ఆ వారంలో ఏ ఇంట్లోనూ మామూలు జవాబు రాదు.

గుర్తులు ఊరివాళ్ళనే చెప్పమనండి

పామీనా ఫిర్చో, రోజర్ మెక్‌గింటీ అనే పరిశోధకులు ఆఫ్రికా దేశాల్లో మొదలుపెట్టిన పద్ధతి ఒకటి ఉంది. శాంతికి గుర్తులేవో నిపుణులు ఆఫీసులో కూర్చొని రాయడం కాదు, ఊరివాళ్ళే చెప్పాలి అంటారు వాళ్ళు. మన పల్లెలకు ఇది అచ్చంగా సరిపోతుంది. డ్వాక్రా ఆడవాళ్ళు, కుర్రాళ్ళు, ముసలివాళ్ళు, ఎస్సీ కాలనీ వాళ్ళు, ఇలా విడివిడిగా కూర్చోబెట్టండి. రెండే ప్రశ్నలు అడగండి. ఊరు చెడినప్పుడు మొదట ఏం ఆగిపోయింది? మళ్ళీ ఏది మొదలైతే ఊరు బాగుపడిందని నమ్ముతారు? తర్వాత నోరు మూసుకొని వినండి.

నాకు ఎక్కువగా వినిపించిన జవాబు చీనీ చెట్లు, అంటే బత్తాయి. కక్షల కాలంలో మనిషి దొరక్కపోతే తోట మీద పడేవాళ్ళు. రాత్రికి రాత్రి చీనీ చెట్లు మొదలంటా నరికేయడం, గడ్డివాముకు నిప్పు పెట్టడం, డ్రిప్పు పైపులు కోయడం, బోరు మోటారు పగలగొట్టడం. చీనీ మొక్క కాపుకు రావాలంటే నాలుగైదేళ్ళు పడుతుంది. శెనక్కాయ అయితే నాలుగు నెలల్లో పీక్కోవచ్చు. కాబట్టి ఊరి చివర, అవతలి వర్గం చేలకు ఆనుకొని ఉన్న పొలంలో ఎవరైనా కొత్తగా చీనీ పెట్టారంటే, ఐదేళ్ళ దాకా ఎవరూ నరకరన్న నమ్మకంతో అప్పు చేసి పెట్టినట్టు. ఏ సర్వే ప్రశ్నా అంత నిజం చెప్పదు. నేను ఏటా ఒక రోజు పొలాల గట్ల మీద తిరిగి ఇవే లెక్క పెడతాను. ఇంటి దగ్గరి తోటలు ఒక వరుసలో, సరిహద్దు పొలాల తోటలు ఇంకో వరుసలో రాయాలి. రెండో వరుస పెరగడమే మనకు ముఖ్యం. బోరు ఎండిపోయి చెట్లు తీసేసినవాళ్ళూ ఉంటారు, అడిగి వాళ్ళను వేరుగా రాయండి.

రచ్చకట్ట ఇంకో గుర్తు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఎదుటి అంగడి బెంచీ మీద కూర్చొని, కట్ట మీద ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూడండి. ఎంతమంది ఉన్నారన్నది కాదు, ఒక వర్గం వాళ్ళు రాగానే ఇంకో వర్గం వాళ్ళు లేచిపోతున్నారా అన్నది చూడాలి. అట్లాగే పిండిమిల్లు, షేరింగ్ ఆటో, పాల కేంద్రం.

కొన్ని గుర్తులు చచ్చిపోతుంటాయి, జాగ్రత్త. రాత్రిపూట త్రీఫేజ్ కరెంటు ఇచ్చిన కాలంలో మనిషి ఒంటరిగా మోటారు వేయడానికి పోతున్నాడా, తోడు తీసుకొని పోతున్నాడా అన్నది గొప్ప కొలత. పగటి కరెంటు వచ్చిన ఊర్లో ఆ గుర్తు పనికిరాదు. రాత్రి ఎవరూ పోవడం లేదంటే భయం పెరిగిందని కాదు కదా. ఏటా గుర్తుల పట్టీని ఊరివాళ్ళతో మళ్ళీ చదివించి, పాతబడినవి కొట్టేయండి.

మన కళ్ళను కూడా నమ్మకూడదు. దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో కర్రలు ఎగరడం, తలలు పగలడం చూసి కొత్తవాడు ‘తీవ్ర హింస’ అని రాసుకుంటాడు. అక్కడి ఊళ్ళవాళ్ళకు అది మాళ మల్లేశ్వరుడి ఉత్సవం. ఆ దెబ్బలు మంచివని నేననను. కానీ దాన్ని కక్షల ఖాతాలో వేస్తే లెక్క తప్పుతుంది.

ఇంటింటి ప్రశ్నలు

మూడు వందల గడపల ఊరైతే ప్రతి ఐదో ఇల్లు చొప్పున అరవై ఇళ్ళు చాలు. ఒక ఇంట్లో మగవాళ్ళను, తర్వాతి ఇంట్లో ఆడవాళ్ళను అడగండి. ఆడవాళ్ళతో ఆడవాళ్ళే మాట్లాడాలి. కాలనీ ఇళ్ళ లెక్క వేరుగా ఉంచండి. కక్షల్లో కత్తి పట్టించినవాడు ఒకడు, పట్టినవాడు ఒకడు, జైలుకు పోయినవాడు ఇంకొకడు. సగటు తీస్తే ఆ మూడోవాడు కనపడకుండా పోతాడు.

1925లో అమెరికాలో బొగార్డస్ అనే ఆయన ఏడు మెట్ల ప్రశ్నావళి తయారు చేశాడు. ఫలానా జాతివాళ్ళను మీ దేశంలోకి రానిస్తారా అన్న దగ్గర నుంచి పెళ్ళి సంబంధం కలుపుకుంటారా అన్న దాకా. మనం మెట్లు మార్చుకుందాం. ఒకే ఆటోలో పక్కన కూర్చున్నారా? వాళ్ళ అంగట్లో సరుకు తెచ్చుకున్నారా? వాళ్ళ చేలో కూలికి పోయారా? వాళ్ళ పెళ్ళికి పోయి చదివించి వచ్చారా? వాళ్ళింట్లో కూర్చొని సంగటి తిన్నారా? వాళ్ళింట్లో చావైతే పోయారా? ‘పోతారా’ అని అడగొద్దు, ‘ఈ ఆరు నెలల్లో పోయారా’ అని అడగండి. పోతారా అంటే అందరూ పోతామనే అంటారు.

పెళ్ళి సంబంధం మెట్టు కావాలనే తీసేశాను. పిల్లనివ్వకపోవడానికి కులం సగం కారణం, అది వర్గం మీదికి తోసేస్తే తప్పు లెక్క వస్తుంది. చావు మెట్టు మాత్రం వదలొద్దు. పెళ్ళికి పిలిస్తేనే పోతాం, చావుకు పిలవకున్నా పోతాం. అలాంటిది చావుకూ పోలేదంటే ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉన్నట్టు.

పెళ్ళింటి వాళ్ళు ఒప్పుకుంటే చదివింపుల నోటుబుక్కు చూడండి. ఎవరింటి నుంచి ఎంత వచ్చిందో వరుసగా ఉంటుంది. పేర్లు రాసుకోవద్దు, అవతలి వర్గం ఇళ్ళు ఎన్ని అన్న ఒక్క అంకె రాసుకోండి. అయిదేళ్ళ కిందటి పెళ్ళి పుస్తకం, ఈ ఏటి పెళ్ళి పుస్తకం పక్కపక్కన పెడితే మీకు వేరే ప్రశ్నావళి అక్కర్లేదు.

పైవాళ్ళ మీద నమ్మకానికి ఒక ప్రశ్న చాలు: ‘మీ మోటారు ఎవరైనా ఎత్తుకుపోతే మొదట ఎవరి దగ్గరికి పోతారు?’ స్టేషన్ అన్నారా, సచివాలయం అన్నారా, ‘అన్న’ దగ్గరికి, అంటే తమ వర్గం నాయకుడి దగ్గరికి అన్నారా రాసుకోండి. మూడో జవాబు ఎక్కువగా ఉన్నంత కాలం ఊర్లో వర్గాలు ఉన్నట్టే, బాంబులు లేకపోవచ్చు అంతే.

నోరు విప్పలేని ప్రశ్నకు రూపాయి బిళ్ళ

‘అవతలివాళ్ళు మళ్ళీ దెబ్బ తీస్తారని భయం ఉందా?’ ఈ ప్రశ్నకు ఎదురుగా నిజం చెప్పరు. 1965లో స్టాన్లీ వార్నర్ అనే ఆయన చూపించిన దారిలోంచి వచ్చిన ఉపాయం ఇది. మనిషి చేతికి రూపాయి బిళ్ళ ఇవ్వండి. మీరు అటు తిరగండి. బొమ్మ పడితే ఏది నిజమైనా సరే ‘అవును’ అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. ఏది పడిందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి ‘అవును’ అన్నందుకు ఆయన్ను ఎవరూ ఏమీ అనలేరు.

లెక్క సులువు. అరవై మందిలో సుమారు ముప్పై మందికి బొమ్మ పడుతుంది, వాళ్ళు ఎలాగూ అవునంటారు. మొత్తం నలభై రెండు ‘అవును’లు వచ్చాయనుకోండి. ముప్పై తీసేస్తే పన్నెండు. నిజం చెప్పిన ముప్పై మందిలో పన్నెండు, అంటే 40 శాతం. అయితే అరవై మందితో ఈ అంకె చాలా ఊగుతుంది, ఇరవై మూడు పాయింట్లు అటూ ఇటూ పోవచ్చు. ఒక్క ఊరికి ఇది చాలదు. పది ఊళ్ళు కలిపి ఆరు వందల మందిని అడిగితే ఊగిసలాట ఏడు పాయింట్లకు దిగుతుంది. ముందు ఇంట్లో అత్తామామల మీద రెండుసార్లు ప్రాక్టీసు చేసి పోండి. చెప్పే తీరు తికమకగా ఉంటే జనం ఇదేదో పందెం అనుకుంటారు.

తాళాలు లెక్కపెట్టండి

ఊర్లో ఉన్నవాళ్ళనే అడిగితే, ఉండలేక పోయినవాళ్ళ మాట ఎవరు చెప్తారు? కక్షల్లో ఓడిన వర్గం రాత్రికి రాత్రి సామాన్లు సర్దుకొని కర్నూలుకో, ప్రొద్దుటూరుకో, బళ్ళారికో పోయింది. వీధి వీధి తిరిగి తాళం వేసిన ఇళ్ళు, కూలిన ఇళ్ళు, బీడు పడిన చేలు రాసుకోండి. పక్కింటివాళ్ళను అడిగి పనుల కోసం పోయినవాళ్ళను వేరు చేయండి. తర్వాత టౌన్‌లో ఆ కుటుంబాలను కలవండి. ‘ఊరికి ఎప్పుడు పోయారు? రాత్రి నిద్ర చేశారా?’ తిర్నాళ్ళకు వచ్చి పొద్దు గూకేలోగా వెళ్ళిపోయేవాళ్ళు, రెండు రాత్రులు ఉన్నవాళ్ళు, ఇంటికి సున్నం కొట్టించినవాళ్ళు, వీళ్ళంతా వేరువేరు మెట్లు.

ఇద్దరు పెద్దమనుషుల మధ్య కుదిరిన రాజీని లెక్కలో వేయకండి. హత్య కేసు లోక్ అదాలత్‌లో రాజీ కాదు. ఏం జరుగుతుందంటే, బయట మాట అనుకొని కోర్టులో సాక్షులు ఎదురు తిరుగుతారు. భర్తను పోగొట్టుకున్న ఆడమనిషిని ఆ మాటలప్పుడు ఎవరూ అడిగి ఉండరు. ఆమెను మీరు అడగండి, అదీ వంటింట్లో, ఒంటరిగా, ఆమెకు చెప్పాలనిపిస్తేనే. ‘ఏకగ్రీవం’ కూడా అంతే. పంచాయతీ పోటీ లేకుండా ముగిసిందంటే అది పొత్తా, వణుకా అన్నది మిగతా గుర్తులు చూశాకే తేలుతుంది.

ఒక్కసారి కొలిస్తే కొలిచినట్టు కాదు

శెనక్కాయ కోతల తర్వాత ఒకసారి, ఉగాది తర్వాత ఒకసారి, ఏటా అవే నెలల్లో పోండి. మీరు ఏ పనీ చేయని ఊరు ఒకటి, దాదాపు ఇలాంటిదే, పక్కన పెట్టుకొని అక్కడా అవే అంకెలు తీయండి. వానలు బాగా పడిన ఏడాది అన్ని ఊళ్ళలోనూ ముఖాలు వికసిస్తాయి. ఆ పుణ్యం మీ కార్యక్రమానికి రాసుకుంటారేమో అని ఈ జాగ్రత్త.

అంకెలు చేతికొచ్చాక ఏం చేయాలో అవే చెప్తాయి. ఆటో, అంగడి మెట్లు దాటి సంగటి మెట్టు దగ్గర ఆగిందంటే తొందర పడకండి, కలిసి చేసే పని ఒకటి చూడండి. మన నగరాల్లో మత కలహాలపై పరిశోధించిన అశుతోష్ వార్ష్ణేయ్, ఇరుగుపొరుగు పలకరింపుల కంటే ఇద్దరూ సభ్యులుగా ఉన్న సంఘాలు గట్టిగా నిలబడతాయని చూపించాడు. పాల కేంద్రం, గుడి కమిటీ, చెరువు నీటి సంఘం లాంటివి. వీధికొక డ్వాక్రా గ్రూపు ఉంటే రెండు వీధులు కలిసేలా కొత్త గ్రూపు కడితే మేలు. ‘అన్న’ దగ్గరికే పోతామన్న జవాబు ఎక్కువైతే భోజనాలు, ఆటల పోటీలు వృథా. స్టేషన్‌లో ఫిర్యాదు రాయించుకునేలా చూడటమే అక్కడి పని. తాళాలు తగ్గకపోతే ముందు ఆ చేల హద్దుల తగాదా తేల్చండి.

నోటుబుక్కులో పేర్లు ఉండకూడదు. ఇంటికో నంబరు వేసి, నంబర్ల పట్టీ వేరే ఊర్లో పెట్టండి. ఎవరో ఒకరు ఆ పుస్తకం అడుగుతారు, నాయకుడు కావచ్చు, అధికారి కావచ్చు. పేర్లు లేకపోతే చూపించినా నష్టం లేదు.

చివరి పని, ఫలితాలు ఊరికి తిరిగి చెప్పడం. రెండు వర్గాలకూ ఒకే రోజు, వీలైతే ఒకే చోట. మా రెండో ఏడాది లెక్క రచ్చకట్ట దగ్గర చదువుతుంటే సరిహద్దు పొలాల్లో చీనీ తోటలు ఏడే అన్నాం. ‘ఏడెక్కడివి, తొమ్మిది!’ అని ఒకాయన లేచాడు. అవతలి వర్గం ఆయన కూడా లేచి, ‘వాగు అవతలి రెండూ వదిలేశారు వీళ్ళు’ అని ఆయనకు వంత పాడాడు. ఇద్దరూ కలిసి మమ్మల్ని ఎండలో ఆ గట్ల వెంట నడిపించి, రెండు తోటలూ చూపించి, లెక్క దిద్దించారు. ఆ తారీఖు కింద తొమ్మిది అని రాసి, ఎవరెవరు తీసుకుపోయారో నంబర్లు వేసుకున్నాం.